మత్రా సూక్‌లో చీనావారి పుండ్ల మందు

మత్రా సూక్‌లో అడుగు పెట్టగానే ముందుగా మనల్ని పలకరించేది లుబాన్ పొగ. "మన సాంబ్రాణే కదా!" అనుకుని గుప్పెడు కొని తెచ్చుకుంటాం. ఆ పలుకులే ఒకనాడు సముద్రాలు దాటి చీనా దేశంలో చర్మవ్యాధులకు మందైన సంగతి మనలో ఎందరికి తెలుసు?

లుబాన్ చెట్టు ఒమాన్‌కు దక్షిణాన, ధోఫార్ కొండల వెనుక ఎండు నేలలో పెరుగుతుంది. బెరడు గీరితే పాలవంటి జిగురు కారి, కొన్నాళ్లకు గట్టిపడుతుంది. చీనావారు దానిని 'రూ షియాంగ్' అన్నారు, అంటే 'పాల పరిమళం'.

జువాన్‌జౌ రేవులో సుంకాల అధికారి ఝావో రుగువా 1225లో విదేశీ సరుకుల మీద ఒక గ్రంథం వ్రాశాడు. ఈ జిగురు మిర్బాత్, షిహ్ర్, ధోఫార్ ప్రాంతాల్లో పుడుతుందనీ, అరబ్బు ఓడలు దానిని సుమత్రాలోని శ్రీవిజయానికి చేరుస్తాయనీ చెప్పి, సరుకును 13 రకాలుగా విడదీశాడు. 1974లో ఆ రేవు దగ్గర బయటపడిన 13వ శతాబ్దపు ఓడలో కూడా ఈ జిగురు దొరికింది.

ఇంత గిరాకీ ఒక్క ధూపం కోసమే కాదు. చీనా వైద్యులు దీనిని బోళంతో కలిపి సెగగడ్డలకు, మానని పుండ్లకు, దెబ్బల వాపులకు వాడారు. నిలిచిపోయిన రక్తాన్ని ఇది కదిలించి కొత్త కండ పుట్టిస్తుందని వారి సిద్ధాంతం. పచ్చిది కడుపులో తిప్పుతుందని వెనిగర్‌తో వేయించేవారు. గర్భిణులకు ఇవ్వకూడదన్నారు.

ఇక మన సాంబ్రాణి మాటేమిటి? ఊళ్లో ఆ పేరుతో అమ్మేది చాలావరకు సుమత్రా వైపు నుంచి వచ్చే వేరొక చెట్టు జిగురు. అరబ్బులు దానిని 'లుబాన్ జావీ' అన్నారు. 'బెంజాయిన్' అనే మాట అందులోంచే పుట్టింది. లుబాన్‌కు అసలైన చుట్టం మన అడవుల్లోని అందుగు చెట్టు. ఆయుర్వేదంలో దాని పేరు శల్లకి.

కాబట్టి అమ్మమ్మ చెప్పిన సాంబ్రాణి వేరు, చీనా వైద్యుడి లుబాన్ వేరు. పొగ రెంటికీ వున్నంత మాత్రాన గుణం ఒకటి కాదు. ఆ వైద్యులు సైతం రోగిని చూసి, శుద్ధి చేసి, తూకం వేసి ఇచ్చిన మందు అది. పిల్లల ఒంటిమీద గజ్జి లేస్తే సూక్‌కు కాదు, ముందు డాక్టరు దగ్గరకు వెళదాం. సూక్‌కు వెళ్లినప్పుడు మాత్రం ఎనిమిది వందల ఏళ్ల ఈ కథను పిల్లలకు చెబుదాం.