సన్నని రిమ్ముపై వెడల్పు టైరు

శరత్తన్నచో మనకు వానలు వెలిసిన ఆకాశమును, తేటపడిన యేరులును, పండువెన్నెలయు స్ఫురించును. పశ్చిమ ఐరోపాలో సైకిలుపై తిరుగువారికి ఆ ఋతువు అట్టిది కాదు. సెప్టెంబరు గడచినది మొదలు అచట చినుకు విడువదు. రాలిన యాకులు రోడ్డుపై తడిసి జారుడుపొరగా పరచుకొనును. ఉత్తర ఫ్రాన్సు పల్లెలలో చక్కెరబీటు దుంపలను మోయు బండ్లు పొలములలోని మన్నును దారిమీదికి తెచ్చి వదలును. వేసవియంతయు ఎండిన రోడ్లపై సన్నని టైర్లతో పరుగిడినవాడు అప్పుడు తన చక్రములను విప్పి, ఆ రిమ్ములకే ఇంకొంత వెడల్పైన టైర్లను ఎక్కించుకొనును. చూచుటకు ఇది చిన్న మార్పు. కాని చక్రమునకు ఎంత వెడల్పు తగును, దానిని నిర్ణయింపవలసినది పందెమా, దారియా అను వివాదము దీని వెనుక నూఱేండ్లకు పైగా నడచుచున్నది. ఆ వివాదమున న్యాయము దారి పక్షముననే యున్నదని నా దృఢవిశ్వాసము.

గాలి నింపిన టైరునకు మొదట పేటెంటు పొందినవాడు స్కాట్లండు దేశీయుడైన రాబర్టు విలియం థామ్సను. అది 1845వ సంవత్సరము. సైకిళ్లు వాడుకకు రాని కాలమగుటచే ఆ యూహ మఱుగున పడిపోయెను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్లప్, తన కుమారుని మూడుచక్రముల బండి సుఖముగా నడచుటకై రబ్బరు గొట్టమున గాలి నింపి, గుడ్డతో చుట్టి, చక్రమునకు బిగించి, ఆ యూహకు రెండవ జన్మ మిచ్చెను. గట్టిరబ్బరు చక్రములకు అలవాటుపడిన కన్నులకు ఆ బొద్దు టైరు వింతగా తోచినను, 1889లో విలియం హ్యూం అను పందెగాడు దానితోనే బెల్‌ఫాస్టు పందెములను గెలిచెను. పందెపుబాటపై గాలిటైరుకు తొలి కీర్తి తెచ్చినది సన్నదనము కాదని మఱువరాదు.

అయితే డన్లప్ టైరు చక్రముతో అంటుకొనిపోయిన వస్తువు. దానిలో ముల్లు దిగినచో బాగుచేయుట పెద్దపని. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచులలో తీగెను పొదిగి రిమ్ములో నిలుపు పద్ధతిని, విలియం బార్‌ట్లెట్ టైరు అంచులను రిమ్ము గోడలకు తగిలించి గాలి యొత్తిడితో పట్టించు పద్ధతిని కనుగొనిరి. మఱుసటి యేడు మిషెలిన్ సోదరులు చేసిన ఊడదీయు టైర్లతో షార్ల్ తెరోన్ పారిస్ నుండి బ్రెస్టునకు పోయి, మరల పారిస్ చేరుకొని, సుమారు 1,200 కిలోమీటర్ల పందెమును మూడు దినముల లోపుననే గెలిచెను. నాటితో టైరును రిమ్మును వేర్వేరు వస్తువులయ్యెను. ఒకదానిని తీసి మఱియొకదానిని తొడుగు స్వేచ్ఛ సైకిలు తొక్కువాని చేతికి వచ్చెను.

ఫ్రాన్సులో ఏర్పడిన చక్రముల కొలతలలో ఆ కాలపు వివేకము నేటికిని నిలిచియున్నది. గాలి నింపిన టైరుతో కలిపి చక్రపు వ్యాసము 700 మిల్లీమీటర్లకు దగ్గఱగా నుండవలయుననుట మూలనియమము. కావున సన్నని టైరు వేయువానికి పెద్ద రిమ్మును, వెడల్పు టైరు వేయువానికి చిన్న రిమ్మును ఏర్పఱచిరి. 700ఎ రిమ్ము 642 మిల్లీమీటర్లు, 700బి రిమ్ము 635, 700సి రిమ్ము 622. ఈ లెక్కనుబట్టి చూడగా 700సి రిమ్ము పుట్టినది సుమారు 39 మిల్లీమీటర్ల టైరు కొఱకు. తరువాతి తరముల పందెగాండ్రు దానికే 23, 20 మిల్లీమీటర్ల టైర్లను తొడిగి, అదియే దాని సహజరూపమని లోకమును నమ్మించిరి. నేడు శరత్తులో ఆ చక్రమునకు వెడల్పు టైరు వేయువాడు క్రొత్తపోకడ పోవుట లేదు. పూర్వరూపమును కొంతవఱకు తిరిగి తెచ్చుచున్నాడు.

ఈ పక్షమును జీవితాంతము నిలబెట్టిన మహనీయుడు పోల్ ద వివీ. 1853లో పుట్టి, సెయింట్ ఎటియెన్ పట్టణమున పట్టువ్యాపారము చేసి, పిమ్మట సైకిళ్లకే అంకితమై, 1887లో సైకిలు పత్రికను స్థాపించి, వెలోసియో అను కలముపేరుతో దేశమంతట ప్రసిద్ధుడైన ఆయన, వెడల్పైన మెత్తని టైర్లును, కొండదారులకు తగిన గేర్లును ప్రయాణికునికి అవసరమని 1930లో మరణించువఱకు బోధించెను. గేరుమార్పు యంత్రమును టూర్ ద ఫ్రాన్స్ పందెము 1937 వఱకు అంగీకరింపలేదన్న విషయమును తలచినచో, పందెగానికంటె ప్రయాణికుడు ఎంత ముందున్నాడో తేటపడును.

పందెము తన దారి తాను పట్టెను. రోడ్లు నునుపైన కొలది టైర్లు సన్నగిలెను. 1970 దశకము తరువాత లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లు మాత్రమే యుండు రిమ్ములు వ్యాపించెను. గట్టిగా గాలి కొట్టిన సన్నని టైరు చేతులకు పుట్టించు కంపమును జనులు వేగమని భ్రమించిరి. వాస్తవమున ఒకే యొత్తిడి, ఒకే బరువు ఉన్నప్పుడు సన్నని టైరును, వెడల్పు టైరును నేలను తాకు వైశాల్యము ఇంచుమించు సమానమే. వెడల్పు టైరు తాకుడు పొట్టిగా నుండి, టైరు తక్కువగా వంగుటచే నష్టమగు శక్తియు తగ్గును.

శరత్తునే తన ఋతువుగా స్వీకరించిన పందెము మాత్రము ఈ భ్రమకు లోబడలేదు. అది బురదనేలపై సాగు సైక్లోక్రాస్. దాన్యెల్ గూసో 1902లో ఫ్రాన్సున తొలి జాతీయ పోటీని నడిపించెను. 1910లో టూర్ గెలిచిన ఆక్తావ్ లపీజ్ తన విజయమునకు ఈ బురదపోటీల సాధనయే కారణమని చెప్పుకొనుటతో దాని ఖ్యాతి పెరిగెను. పోటీదారులు రోడ్డు చక్రముల సన్నని రిమ్ములకే, అంచులు లేక గొట్టమువలె కుట్టిన వెడల్పు టైర్లను జిగురుతో అంటించుకొనెడివారు. అట్టి టైరు రిమ్ము గోడలపై ఆధారపడదు గనుక ఆ జోడు చెల్లినది.

అంచుల టైరునకు అంత స్వేచ్ఛ లేదు. టైరు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పునకు ఒకటిన్నర రెట్లనుండి రెండు రెట్ల వఱకు ఉండుట మేలని అనుభవజ్ఞుల మాట. 13 మిల్లీమీటర్ల రిమ్మునకు 25 మిల్లీమీటర్ల టైరు, 15 మిల్లీమీటర్ల రిమ్మునకు 28 గాని 30 గాని నిర్భయముగా చెల్లును. హద్దు మీఱినచో టైరు మొదట ఇఱుకై పైన ఉబ్బి విద్యుద్దీపపు బుడ్డివలె నిలిచి, మలుపులలో ప్రక్కకు ఊగును. ఒత్తిడి ఒక్కటే యైనను టైరు వెడల్పైన కొలది రిమ్ము గోడలను వెలుపలికి లాగు బలము హెచ్చును. అందుచే వెడల్పు టైరునకు గాలి తగ్గింపవలయును. టైరు ఎక్కించి, ట్యూబుకు కొంచెము గాలి కొట్టి, రిమ్ము ప్రక్కన టైరుపై అచ్చువేసిన సన్నని గీత చుట్టును సమానముగా కనబడుచున్నదా యని చక్రమును మెల్లగా త్రిప్పి చూడవలయును. ఎచట గీత మునిగినదో అచట బొటనవ్రేళ్లతో పిసికి సరిచేయవలయును. ఫోర్కునకు టైరునకు నడుమ ఆకు, బురద దూరిపోవు సందు మిగులకున్నచో, వెడల్పు ఎంత చక్కనిదైనను ఆ సైకిలునకు అది తగదు.

మన తెలుగునాట ఈ చరిత్ర పరాయిది కాదు. పాలబిందెలను, ధాన్యపుబస్తాలను, గడ్డిమోపులను కంకరరోడ్లపై, పుంతదారులలో దశాబ్దములుగా మోసిన పెద్దసైకిలు టైరు 28 అంగుళములు, ఒకటిన్నర అంగుళము. దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు, అనగా ఫ్రెంచివారి 700బి కొలతయే. దారి కఠినము, బరువు అధికము, టైరు వెడల్పు. ఇందులో ఆడంబరమునకు తావు లేదు. నేడు పందెగాండ్రు సైతము 28 మిల్లీమీటర్లకును, అంతకు పైకిని మరలివచ్చిరి, రిమ్ములును వెడల్పైనవి. పాత సన్నని రిమ్ములు గలవాడు వానిని పాఱవేయ నక్కఱలేదు. లోపలి వెడల్పును కొలిచి, హద్దు నెఱిగి, ఋతువడిగినంత టైరును వేసికొనిన చాలును. గెలిచినవాని చక్రమును చూచి కాక, తాను పోవలసిన దారిని చూచి టైరు నెన్నుకొనువాడే సైకిలును సరిగా నెఱిగినవాడు.