మర్మరే: బాస్ఫరస్ అడుగున రైలు దారి

తుర్కియేలోని ఇస్తాంబుల్ నగరం సగం యూరప్‌లో, సగం ఆసియాలో ఉంది. మధ్యలో బాస్ఫరస్ జలసంధి. దీని కింద దారి వేయాలన్న ఆలోచన ఉస్మానియా సుల్తాన్ అబ్దుల్ మజీద్ కాలం నాటిది. 1860లోనే ఒక ఫ్రెంచ్ ఇంజనీర్ నమూనా గీశాడు: సముద్రం అడుగున స్తంభాలు, వాటిపై గొట్టం. అది కాగితం దాటలేదు.

అసలు పని 2004లో మొదలైంది. నేలను తొలిచే సొరంగమైతే ఇంకా లోతుకు దిగాలి, రైలుకు వాలు పెరుగుతుంది. అందుకే ముంచే గొట్టాల పద్ధతి ఎంచుకున్నారు. ఒడ్డున పోతపోసిన 11 కాంక్రీట్ భాగాలను నీటిపై తేల్చి తెచ్చి, అడుగున తవ్విన కందకంలోకి దించి కలిపారు. వీటి పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు, లోతు దాదాపు 60 మీటర్లు. పైన ఒకవైపు, కింద ఇంకోవైపు పారే ప్రవాహాల మధ్య ఈ పని చేయడం మామూలు విషయం కాదు.

అసలు భయం భూకంపం. ఉత్తర అనటోలియా భ్రంశం దగ్గర్లోనే ఉంది. 1999 ఇజ్మిత్ భూకంపంలో 17 వేల మందికి పైగా చనిపోయారు. అందుకే 7.5 తీవ్రతను తట్టుకునేలా, వంగే అతుకులతో డిజైన్ చేశారు.

యెనికాపి స్టేషన్ తవ్వకాల్లో పురాతన రేవు, 37 ఓడల శిథిలాలు బయటపడ్డాయి. వాటిని జాగ్రత్తగా తీసేదాకా పని ఆగింది, ఏళ్లు గడిచాయి. చివరికి 2013 అక్టోబర్ 29న రైలు నడిచింది.

కార్ల కోసం 2016లో తెరిచిన యురేషియా సొరంగాన్ని మాత్రం యంత్రంతో తొలిచారు. జలసంధి ఒకటే అయినా, అవసరాన్ని బట్టి డిజైన్ మారింది.