ఫిరంగిపురం జ్ఞానమ్మ: 1904కు ముందటి కన్యాస్త్రీల చరిత్ర

గుంటూరు సీమలో కన్యాస్త్రీల సేవ అనగానే 1904లో హాలెండు నుంచి వచ్చిన యేసు మరియ యోసేపు సభ సోదరీమణులు స్ఫురిస్తారు. బాలికా విద్యలో, వైద్యంలో వారి కృషి విస్తృతమైనదే. అయితే చరిత్రను అక్కడ ఆరంభిస్తే అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఈ దారి తొక్కిన తెలుగు స్త్రీ మరుగున పడుతుంది.

జ్ఞానమ్మ 1822లో కొండవీటికి చేరువలోని ఫిరంగిపురంలో జన్మించింది. ఊరి పేరులో ఫిరంగి ఉన్నా, ఈమె ఆ ఊరి ఆడపడుచే. ఐదుగురు కుమారుల తల్లి, వితంతువు. మద్రాసుకు పశ్చిమాన తెలుగు కతోలికులు వలస వెళ్లి స్థిరపడిన కీళచ్చేరిలో 1863లో ఆడపిల్లల బడి తెరిచింది. మద్రాసు, ఫిరంగిపురం పునీత అన్నమ్మ సభలు రెండూ ఆమెనే స్థాపకురాలిగా స్మరిస్తాయి. అన్నమ్మ మరియమాతకు తల్లి. కన్యాస్త్రీల సభలకు ఒక గృహిణి పేరు నిలవడంలో స్థాపకురాలి జీవితచ్ఛాయ కనిపిస్తుందని నా అభిప్రాయం.

జ్ఞానమ్మ 1874లో మరణించింది. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించింది ఆ ఏడాదే. రాజమహేంద్రవరంలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. సంస్కరణ చరిత్రలో వితంతువు సాధారణంగా ఇతరులు ఉద్ధరించవలసిన వ్యక్తి. కీళచ్చేరిలో బడి పెట్టినదే వితంతువు. తెలుగు స్త్రీవిద్యా చరిత్రలు ఆమెను మతచరిత్రకు వదిలివేశాయి; మతచరిత్రలేమో ఆమె భక్తిని కీర్తించినంతగా ఆ బడిని పట్టించుకోలేదు. 2014లో కతోలిక సంఘం ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.