బండి చూపును దిద్దువారు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గము నకిరేకల్లు దాటి, కేతేపల్లి మీదుగా సాగి, మూసీ నదిని దాటి సూర్యాపేట చేరును. 2012 నాటికి నాలుగు వరుసలైన ఈ బాటపై ఒక్కొక్క వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. ఈ కొలతను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో ముందు మనకు పని కలదు.

నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రజారవాణా ఆరంభించిన కాలమున డ్రైవరునకు సహాయకుడనగా క్లీనరే. బండిని వెనుకకు రమ్మనుట, ఎద్దుబండి అడ్డమున్నదని కేకవేయుట అతని పని. నేడు ఆ పనిలో కొంత భాగమును ముందరి అద్దము వెనుక అమర్చిన చిన్న కెమెరా చేయుచున్నది. ఎదుటి వాహనము మరీ దగ్గరైనను, బండి గీత దాటినను, మనిషి అడ్డు వచ్చినను అది కూత పెట్టును. కొన్ని బండ్లలో బ్రేకు కూడ తానే వేయును. ఈ సాధనములకు అడాస్ అని వ్యవహారనామము.

ఈ విద్య చరిత్రలో తెలుగువారికి చోటు కలదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు రోబోటిక్స్ సంస్థకు తొలి సంచాలకులైరి. అచటనే 1980 దశకములో నావ్‌ల్యాబ్ అను బండ్ల పరంపర మొదలయ్యెను. 1995లో వానిలో అయిదవది పిట్స్‌బర్గు నుండి శాన్ డియాగో వరకు, సుమారు 2,850 మైళ్ళలో నూటికి 98 వంతుల దూరము, తన స్టీరింగును తానే త్రిప్పుకొనెను. బ్రేకు మాత్రము మనుష్యుల కాలి క్రిందనే యుండెను. ఆ బండిని రెడ్డిగారే చేసిరనుట అతిశయోక్తి. చేసినవారు వేరు, పందిరి వేసినవారు రెడ్డిగారు.

అయితే చక్కని గీతలు గల బాటలపై నేర్చిన చూపు మన బాటకు చాలదు. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో 182 ప్రయాణములలో తీసిన పదివేల చిత్రములలోని వస్తువులను 34 తరగతులుగా గుర్తించి ప్రకటించిరి. ఆటోరిక్షాకును, పశువునకును అందు వేరు వేరు స్థానములు లభించినవి. 2021లో నాగపూరున ఐరాస్తే అను పేర బస్సులకు అడాస్ అమర్చు ప్రయత్నము మొదలై, పిదప తెలంగాణ ఆర్టీసీ బస్సులకును వచ్చెను.

ఇంతవరకు పండితుల పని. ఇక షెడ్డులోని పనివానిని చూతము. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగెననుకొందము. యాబది మీటర్ల దూరమున చూపు ఎనుబదియేడు సెంటీమీటర్లు తప్పును. నూరు మీటర్ల కడ ఒకటిముప్పావు మీటరు, అనగా కేతేపల్లి బాటలో సగము వరుస! పక్క వరుసలోని లారీ తన ఎదుటనే యున్నట్లు బండి భ్రమించును. నిజముగా ఎదుటనున్న దానిని విడిచిపెట్టును. మా దృష్టిలో ఇంతకన్న చేటు మరొకటి కలదు. ఊరక కూసెడి యంత్రమును డ్రైవరు రెండు దినములు సహించి, మూడవనాడు దాని మాట వినుట మానును.

అందుచేత కొలతగాడు మొదట నేల మట్టము చూచును, టైర్ల గాలి సరిచూచును, బండిలోని బరువు దింపించును. తాపీపనివాని వలె గుండు వ్రేలాడదీసి బండి నడిగీతను నేలపై గుర్తించును. తయారీదారు చెప్పిన దూరమున, చెప్పిన ఎత్తున, నలుపు తెలుపు గడుల పలకను నిలుపును. కెమెరా ఆ పలకను చూడగా కంప్యూటరు కోణమును లెక్కగట్టును. కొన్ని బండ్లను పిదప గీతలు గల బాటపై నడిపియు సరిచూడవలెను. చక్రముల వరుస సరిచేయు పని తెలిసినవారికి ఈ పని త్వరగా పట్టుబడును. కాని సగము సెంటీమీటరు ఫరవాలేదను స్వభావము గలవారికి ఇది తగదు.

రాయి తగిలి అద్దము పగిలినప్పుడు చిక్కు వచ్చును. క్రొత్త అద్దము బిగించి, పాత కెమెరాను మరల తగిలించి, బండి బాగుగనే నడచుచున్నదని పంపివేయువారు కలరు. హెచ్చరిక దీపము వెలుగకపోవచ్చును, ప్రయాణికులకు ఏమియు తెలియదు. కొలతగాడు మాత్రము ఆ బండిని మరల మట్టపు నేలపైకి తెప్పించి, టైర్ల గాలితో మొదలుపెట్టును.