మచ్చ దాచే చోటు

జాకెట్టు కుట్టడం వచ్చిన ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది, గుడ్డ కత్తిరించడం అరక్షణం పని, ఎక్కడ కత్తిరించాలో తేల్చుకోవడమే అసలు పని అని. అతుకు చంక కిందికి పోయిందంటే ఎవరి కంటా పడదు. అదే అతుకు రొమ్ము మీదికి వచ్చిందా, ఎంత ఖరీదైన పట్టుగుడ్డ అయినా దాని సొగసు కాస్తా పోతుంది. ఈ సంగతి కుట్టుపని చేసేవాళ్ళకి ఎప్పటినుంచో తెలుసు. కత్తి పట్టిన డాక్టర్లకి తెలిసిరావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. అందులోనూ ఆడవాళ్ళ చేతుల విషయంలో మరీ ఆలస్యమయింది. ఆ కథే ఇప్పుడు చెప్పబోయేది.

"చేతులకి ఆపరేషనేమిటండీ?" అంటారేమో. వయసు మీదపడ్డాకగాని, బాగా ఒళ్ళు చేసి తర్వాత చిక్కిపోయాకగాని, భుజానికీ మోచేతికీ మధ్య చర్మం సంచిలా వేలాడటం మీరు చూసే ఉంటారు. పైనున్న డబ్బా అందుకోవడానికి చెయ్యెత్తితే అదీ ఊగుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని గబ్బిలం రెక్కలని ఎగతాళి చేస్తారు. వ్యాయామం చేస్తే లోపలి కండ గట్టిపడుతుందిగాని, సాగిపోయిన చర్మం వెనక్కి పోదు. అలా మిగిలిన చర్మాన్నీ దాని అడుగున ఉన్న కొవ్వునీ కోసి తీసేసి, అంచులు కలిపి కుట్టే ఆపరేషనుకే బ్రాకియోప్లాస్టీ అని పేరు. పేరు ఘనంగా ఉందని జంకనక్కర్లేదు. గ్రీకు, లాటిను మాటల్లో చెయ్యి, మలచడం అన్నవి రెండూ కలిస్తే ఆ పేరు వచ్చింది, అంతే.

ఈ ఆపరేషనులో కొవ్వు తియ్యడం పెద్ద విద్య కాదు. చిక్కంతా కోత ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఉంది. ఎందుకంటే చెయ్యి లావు తగ్గాలంటే చుట్టుకొలత తగ్గాలి. చుట్టుకొలత తగ్గాలంటే కోత చేతి పొడుగునా పోవాలి. చొక్కా చెయ్యి వదులయితే మనం పక్క కుట్టు లోపలికి పట్టి బిగించడంలా అన్నమాట. గుడ్డకైతే ఆ కుట్టు లోపల దాగుతుంది. చర్మానికి లోపలా బయటా రెండు పక్కలు లేవు కదా! చంక నుంచి మోచేతి దాకా ఒక గీత మిగిలి తీరుతుంది. ఆ గీత గురించే ఈ గొడవంతా.

అసలు చర్మానికి గుడ్డకి ఉన్నట్టే ఒక వాలు ఉంటుందని కనిపెట్టిన వైనం వింటే కాస్త ఒళ్ళు జలదరిస్తుంది. పారిస్‌లో డూప్యుట్రెన్ అని గొప్ప సర్జను ఉండేవాడు. గుండ్రటి మొన ఉన్న ఆరెతో గుండెల్లో పొడుచుకున్న ఒక మనిషి గాయాలు ఆయన చూడవలసివచ్చింది. గుండ్రటి ఆరె గుచ్చితే గుండ్రటి చిల్లే పడాలి కదా? అక్కడ మాత్రం సన్నగా, కత్తితో గాటు పెట్టినట్టు చీలికలున్నాయి. ఇదేమిటా అని ఆయన శవాల మీద గుచ్చి చూశాడు. అలాగే చీలికలు పడ్డాయి. ఈ సంగతి 1834లో అచ్చయింది.

దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్ళినవాడు వియన్నాలో శరీరశాస్త్రం చెప్పే కార్ల్ లాంగర్. ఆయన శవాల ఒంటినిండా వరసగా గుచ్చుతూ, పడిన చీలికలన్నీ కలిపి గీతలు గీశాడు. 1861లో ఆ పటాలు అచ్చు వేయించాడు. చర్మంలోని నార ఏ భాగంలో ఎటు బిగిసి ఉంటే చీలిక అటే సాగుతుందని వాటివల్ల తేలింది. నేతలో పడుగూ పేకా ఉన్నట్టే. పోగు వెంట కత్తిరిస్తే అంచు నిలుస్తుంది. పోగుకి అడ్డంపడి కత్తిరిస్తే నోరు తెరుచుకుంటుంది. లాంగర్ గీతలన్న మాట ఇప్పటికీ వైద్యవిద్యార్థులు వల్లిస్తూనే ఉన్నారు. అయితే శవం బిగుతు వేరు, కదిలే మనిషి బిగుతు వేరు. అంచేత 1962లో బోర్జెస్ అనే సర్జను, బతికున్న మనిషి ఒళ్ళు వదులుగా ఉంచినప్పుడు చర్మం ఎటు లాగుతుందో చూసి, కోతకి ఆ గీతలే దారి కావాలన్నాడు.

ఈలోగా మచ్చ గురించిన స్పృహ మెల్లిగా ఒళ్ళంతా పాకింది. స్విట్జర్లాండులో కోఖర్ అనే ఆయన గొంతు దగ్గర థైరాయిడ్ ఆపరేషన్లు చెయ్యడంలో ఆరితేరాడు. 1909లో నోబెల్ బహుమానం కూడా వచ్చిందాయనకి. మెడ మీద మన వాళ్ళు కంటె పెట్టుకునే చోట, ముడతల వెంబడే, అడ్డంగా కోత పెట్టే పద్ధతి ఆయన పేరుతోనే స్థిరపడింది. 1900లో జర్మనీ డాక్టరు ఫానెన్‌స్టీల్, పొత్తికడుపు మీద బాగా కిందకి, అడ్డంగా పెట్టే కోతని వివరించాడు. ఆయన ముఖ్యంగా కోరుకున్నది అందం కాదు. నిలువుకోత తర్వాత కుట్టు వదులై పేగు తోసుకువస్తుండేది, అది తప్పించాలని. కాని ఆ గీత చీర కుచ్చెళ్ళ కిందికి పోయి దాక్కుంది. సిజేరియను అయిన మనవాళ్ళలో చాలామంది ఒంటి మీద ఉన్నది ఆ కోత గుర్తే. మచ్చ దాచడం, గాయాన్ని గట్టిగా నిలపడం ఒక్కోసారి ఇలా చెట్టపట్టాలు వేసుకుని నడుస్తాయి.

చేతుల దగ్గర మాత్రం ఈ రెండూ సవతులయ్యాయి!

చేతుల కంటే ముందు పొట్ట వంతు వచ్చింది. 1899లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హోవర్డ్ కెల్లీ అనే స్త్రీవైద్యుడు ఒకావిడ పొట్ట మీద వేలాడుతున్న చర్మమూ కొవ్వూ కోసి తీశాడు. 7 కిలోలకు పైనే తూగింది. అది సొగసు కోసం కాదు, బరువు మోయలేని అవస్థ. ఆ తర్వాత కొన్నేళ్ళకి పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే వైద్యురాలు ఈ విద్యలోకి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో మొహాలు చెదిరిన సైనికులకి వైద్యం చేసే చోట పని నేర్చుకున్న మనిషి. ఆవిడ మొహం ముడతలు తియ్యడానికి చిన్న చిన్న కోతలు జుట్టు అంచునా చెవి వెనకా పెట్టేది. జుట్టు దువ్వుకుంటే గుర్తు కనిపించదు. 1926లో ఆవిడ రాసిన పుస్తకం పేరే 'సౌందర్య శస్త్రచికిత్స, దాని సాంఘిక ప్రయోజనం' అన్న అర్థం వచ్చేలా ఉంటుంది. మొహం వాడిందన్న కారణంతో ఉద్యోగాలు పోగొట్టుకుంటున్న ఆడవాళ్ళ కష్టం ఆవిడకి తెలుసు. వాళ్ళకి ఈ వైద్యం సోకు కాదు, కూడు అని ఆవిడ వాదన. దానితో మనం ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ముడతల్ని చూసి పని తీసేసేవాళ్ళ బుద్ధికి చెయ్యవలసిన ఆపరేషను ఏదన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

1920ల్లో అక్కడి ఆడవాళ్ళ గౌన్లకి చేతులు ఎగిరిపోయాయి. అంతవరకూ గుడ్డ చాటున ఉన్న జబ్బలు బయటపడ్డాయి. 1930లో షికాగోలో మాక్స్ థోరెక్ అనే సర్జను, ఆడవాళ్ళ వేలాడే రొమ్ములు, పొట్ట, చేతులు సరిచేసే పద్ధతుల మీద ఒక వ్యాసం ప్రకటించాడు. హంగరీ నుంచి వలస వచ్చిన మనిషి, ఫోటోగ్రఫీలో కూడా దిట్ట. చేతుల ఆపరేషను చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఆయన దగ్గరే మొదలుపెడతారు. 1954లో అర్జెంటీనా డాక్టర్లు కొర్రేయా ఇతుర్రాస్పే, ఫెర్నాండెజ్ ఇద్దరూ ఈ ఆపరేషను గురించి ప్రత్యేకంగా రాశారు. అప్పటి పద్ధతి సులువైనదే. చేతి పొడుగునా దోసగింజ ఆకారంలో చర్మం తీసెయ్యడం, మిగిలిన రెండంచులూ కలిపి కుట్టెయ్యడం.

కుట్టు బాగానే పడేది. తర్వాతే వచ్చేది తంటా. మచ్చ ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. తిన్నగా ఉన్న గీత చంకలోంచి అలాగే దాటిపోతే, అది ముడుచుకున్నకొద్దీ విల్లుకి కట్టిన తాడులా బిగుసుకుంటుంది. జడ వేసుకుందామని చెయ్యెత్తితే పట్టేసినట్టుంటుంది. అందం కోసం వెళ్ళి చెయ్యి ఎత్తలేకపోతే ఏం లాభం చెప్పండి?

దీనికి దక్షిణ అమెరికా, మెక్సికో డాక్టర్లు తలా ఒక ఉపాయం చెప్పారు. బ్రెజిల్‌లో ఈవో పితాంగీ 1975లో చేతి లోపలి నుంచి పక్కటెముకల దాకా సాగే కోత గురించి రాశాడు. 1979లో అర్జెంటీనాకి చెందిన జూరీ, ఆయన సహచరులు చంకలో ఇంగ్లీషు 'టి' అక్షరంలా కలిపి కుట్టే పద్ధతి చెప్పారు. అదే ఏడు మెక్సికోలో గెరెరోసాంతోస్ చంక దగ్గర గీతని 'జెడ్' అక్షరంలా విరిచి కుట్టమన్నాడు. వంపు తిరిగిన గీత, విరిగిన గీత లాగినప్పుడు కాస్త సాగుతాయి. తిన్నటి గీత సాగదు. క్రాసు కటింగు జాకెట్టు ఒంటికి ఎందుకు అమరుతుందో తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా!

అన్నట్టు, ఈ పితాంగీ గురించి ఒక్క మాట. లోకంలోని శ్రీమంతులంతా ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. 1961లో బ్రెజిల్‌లోని నీతెరోయి ఊళ్ళో సర్కసు డేరా తగలబడి వందలమంది కాలిపోయినప్పుడు, ఆ గాయాలకి వైద్యం చేసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. రియోలోని ధర్మాసుపత్రిలో బీదలకి వైద్యం చేసే వార్డు నడిపాడు. 2016 ఆగస్టు 5న ఒలింపిక్ కాగడా పట్టుకుని, మర్నాడే కన్నుమూశాడు.

ఇంకో మలుపు 1995లో వచ్చింది. అమెరికాలో టెడ్ లాక్‌వుడ్ చర్మాన్ని కాదు, దాని కింద ఉన్న పొరని చూడమన్నాడు. ఆ పొర చంకలోని గట్టి పొరకి ఉయ్యాల తాడులా తగిలి ఉంటుంది. వయసుతో ఆ తాడు వదులవుతుంది, ఉయ్యాల కిందికి జారుతుంది. అంచేత లోపలి పొరని చంకలో గట్టిగా కుట్టి, బరువంతా దాని మీద వెయ్యాలి, పైచర్మాన్ని ఊరికే దగ్గరికి చేర్చాలి అన్నాడు. పైకుట్టు మీద లాగుడు తగ్గితే మచ్చ వెడల్పయ్యే బెడదా తగ్గుతుంది. జాకెట్టుకి లోపల లైనింగు గుడ్డ బరువు మోస్తే పైన పట్టు నలగనట్టు.

ఇంతకీ కోత ఎక్కడ? ఇప్పటికీ డాక్టర్లు రెండు వర్గాలే. చేతి లోపలి పక్క, ఒంటికి ఆనే వైపు పెట్టాలని కొందరు. చెయ్యి దించుకుంటే అది దాగుతుంది. ఎదుటివాళ్ళకి కనపడదు. చెయ్యెత్తితే మాత్రం బయటపడుతుంది. అక్కడ చర్మం పలచన, మచ్చ చాలాకాలం ఎర్రగా ఉండిపోవచ్చు. పైగా మోచేతికి దగ్గరగా ఒక సన్నటి నరం పెద్ద సిర పక్కనే పోతుంది. దానికి దెబ్బ తగిలితే ముంజేతి లోపలి పక్క తిమ్మిరెక్కి మొద్దుబారుతుంది. కాదు, చేతి వెనక్కి పెట్టాలని ఇంకొందరు. అక్కడ చర్మం మందం, అద్దంలో మీకే కనిపించదు. కాని మీ వెనక క్యూలో నిలబడ్డ ప్రతివాళ్ళకీ కనిపిస్తుంది. వదులు చంక దగ్గరే కాస్త ఉంటే చంకలోపలే చిన్న కోతతో సరిపెట్టవచ్చు. చర్మం బిగువుగా ఉండి కొవ్వు మాత్రమే ఎక్కువైతే, 1970ల చివర ఫ్రాన్సులో ఇలూజ్ ప్రచారంలోకి తెచ్చిన గొట్టంతో పీల్చే పద్ధతి చాలు. బాగా వేలాడే చేతికి ఈ చిన్న ఉపాయాలు పనికిరావు.

చూశారా, ఇది కేవలం డాక్టరు తేల్చే లెక్క కాదు. మచ్చ నాకు కనిపించకూడదా, పరాయివాళ్ళకి కనిపించకూడదా అన్నది ఆ చెయ్యి ఎవరిదో ఆవిడే చెప్పవలసిన జవాబు. మోచేతి దాకా చేతులున్న జాకెట్టు తొడిగేవాళ్ళకి ఒక లెక్క, చేతుల్లేని జాకెట్టు తొడగాలని సరదాపడేవాళ్ళకి ఇంకో లెక్క. మత్తు ఇవ్వకముందు మనిషిని నిలబెట్టి, చేతులు చాపించి, సిరాతో గీతలు గీస్తారు. అడగవలసినదేదో అప్పటికే అడిగేసి ఉండాలి. తొడుక్కోబోయే జాకెట్టు వెంట తీసుకుపోయి చూపించినా తప్పులేదు.

ఇంకొక్క సంగతి తెలిసి ఉండాలి. మచ్చ ఏడాది దాకా మారుతూనే ఉంటుంది. మొదట్లో ఎర్రగా, గట్టిగా, దురదగా ఉంటుంది. తర్వాత మెత్తబడి వెలిసిపోతుంది. ఎంత బాగా మానినా ఆ చోట చర్మానికి పాత బలంలో నూటికి 80 పాళ్ళకి మించి రాదు. మనలాంటి చామనచాయ ఒళ్ళలో కొందరికి మచ్చ ఉబ్బి, గాయం హద్దు దాటి పెరిగే కీలాయిడ్ వస్తుంది. చెవులు కుట్టించుకున్నప్పుడో, అమ్మవారి టీకా దగ్గరో ఇదివరకే అలా పెరిగినవాళ్ళు ఆ మాట డాక్టరుతో ముందే చెప్పాలి. చేతి పొడుగునా అలాంటిది లేస్తే, పాత చర్మమే నయమనిపిస్తుంది.

గుండ్రటి ఆరె చేసిన సన్నటి గాటు దగ్గర మొదలైన విద్య సుమారు 200 ఏళ్ళు నడిచి, మచ్చని మడతలో దాచడం నేర్చింది, వంపు తిప్పడం నేర్చింది, సన్నం చెయ్యడం నేర్చింది. లేకుండా చెయ్యడం మాత్రం నేర్వలేదు. వేలాడే చర్మాన్నిచ్చి గీతని పుచ్చుకునే బేరమిది. ఆ బేరం కుదిరించుకోవాలో వద్దో, ఊగే చేతితోనే దర్జాగా డబ్బా అందుకోవాలో, ఎవరి చెయ్యి వాళ్ళది. గీత ఎక్కడ పడుతుందో తెలుసుకుని ఊ అన్నా, ఊహూ అన్నా అది గౌరవమే.