భిలాయి పలకపై భిన్నములు

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత సోవియట్ ప్రభుత్వములు ఉక్కు కర్మాగారమునకై ఒడంబడిక చేసికొన్నది మొదలు, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు భిలాయిలో తొలి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించువఱకు గడచిన నాలుగేండ్ల నడుమ, పొగగాని మంటగాని లేని మఱియొక మహాపరివర్తనము దేశమున నిశ్శబ్దముగా జరిగిపోయెను. 1956లో తూనికలు కొలతల శాసనము వచ్చినది; 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి పదునాఱణాలు పోయి నూఱు నయాపైసలు వచ్చినవి. కావున రాయపూరు–విజయనగరము రైలుమార్గము పట్టి శ్రీకాకుళ విశాఖ మండలములనుండి ఆ క్రొత్త పట్టణమునకు పనికై వచ్చిన తెలుగువారి బిడ్డలు, భిన్నములను చేతిలోని నాణెమునుండి కాక పలకమీదినుండియే నేర్చుకొనవలసిన తొలి తరమువారైరి.

వారి తాతముత్తాతల చదువు వేఱు. బళ్లారి కలెక్టరుగా నుండి, అంతకుముందే తెలుగు వ్యాకరణమొకటి రచించిన కాంబెల్ దొర, 1823లో తన మండలమందలి తెలుగు కన్నడ వీధిబడులనుగూర్చి ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, అచ్చట భిన్నములు పదింటి చొప్పున కాక నాలుగింటి చొప్పున దిగుననియు, వాటిని బోధించుటకు విశేషశ్రమ పడుదురనియు, దినమునకు రెండుమారులు పిల్లలు వరుసగా నిలిచి వానిని వల్లించుదురనియు వ్రాసెను. ఒకటిలో నాల్గవ వంతు పాతిక, పాతికలో నాల్గవ వంతు వీసము. వీసములో నాల్గవ వంతు కాని. పాతికకు నిలువుగీతలు, వీసమునకు అడ్డగీతలు. మూడు గీతలు నిండి నాల్గవది చేరిన వెంటనే పైమెట్టుకు ఎక్కవలెను. రూపాయియు ఈ మెట్లమీదనే నిలిచినది: పావలా పాతిక, అణా వీసము, కానీ అఱువదినాల్గవ వంతు. ఇరువది మూడణాలను లెక్కపెట్టిన పిల్లవాడు రూపాయి ఏడణాలనియు, అందు ఒక రూపాయి, ఒక పాతిక, మూడు వీసములు కలవనియు తడుముకొనక చెప్పెడివాడు. అపక్రమభిన్నము మిశ్రమభిన్నమగుట యనునది వానికి చిల్లరను నోటుగా మార్చుకొనుట వంటిది. దానికొక ప్రత్యేకమైన పాఠము ఎందులకు?

శాస్త్రమైనను ఈ వ్యవహారమునకు దూరమైనది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహమున కలాసవర్ణమను ప్రకరణము కలదు. ఆ గ్రంథమునే పావులూరి మల్లన తెనిగించెను. మహావీరుడు అచ్చట భిన్నములను ఆఱు జాతులుగా విభజించెను. వానిలో రెండే మనకిప్పుడు కావలసినవి. పూర్ణాంకమునకు భిన్నము చేరినది భాగానుబంధము. పూర్ణాంకమునుండి భిన్నము తొలగినది భాగాపవాహము. రెండింటికిని విధి యొక్కటే: పూర్ణాంకమును హారముచే గుణించి, లవమును కలుపుటయో తీసివేయుటయో చేయవలెను. రెండును ముప్పావును అన్నచో రెండు నాలుగులు ఎనిమిది, దానికి మూడు కలుపగా పదునొకండు పావులు. మూడింటికి పావు తక్కువ అన్నచో మూడు నాలుగులు పండ్రెండు, అందొకటి పోగా మరల పదునొకండు పావులే. మన నేటి పాఠ్యపుస్తకములు మొదటి జాతిని మాత్రము మిశ్రమభిన్నమని నిలుపుకొని, రెండవదానిని పేరైనను లేకుండ విడిచినవి.

విడిచిన ఆ జాతియే భిలాయి బజారులో తెలుగు పిల్లలకు ఎదురైనది. ఇంట గడియారము చూచి చెప్పునప్పుడు తప్ప పావు తక్కువ రెండు అను మాట మనవారు అంతగా వాడరు. రెండు కిలోలకు పావు తక్కువగా బియ్యము కొన్నచో ఒకటీ ముప్పావు అనియే అందురు. హిందీవాడు దానిని పౌనే దో అనును. ఒకటీ పావు వానికి సవా, ఒకటిన్నర డేఢ్, రెండున్నర ఢాయీ. ఉత్తరదేశపు పాఠశాలలలో వీనికి కూడ ఎక్కములుండెడివి: ఒకటింబావునకు సవైయా, ఒకటిన్నరకు డేఢా, మూడున్నరకు హూంఠా, నాలుగున్నరకు ఢోంచా. ఏడు మూడున్నరలు ఇరువది నాలుగున్నర యని కంఠస్థము చేసినవాడు ఏడింటిని ఏడింట గుణించి మరల రెండింట భాగించు ప్రయాసకు లోనుగాడు. కంఠస్థవిద్యను నిందించుట మనకొక నాగరకత యైనది గాని, ఈ యెక్కముల విషయమున నేను ఆ నిందలో పాలుపంచుకొనజాలను.

బడిలో క్రమము తలక్రిందులైనది. లవము హారముకంటె చిన్నదైనది క్రమభిన్నము, హారముతో సమానమైనను దానిని మించినను అపక్రమభిన్నము అను నిర్వచనము ముందు వచ్చును. ఒకటిన్నర యను ఎఱిగిన వస్తువు దాని వెనుక, మార్పిడి ఫలముగా వచ్చును. హిందీ మాధ్యమమున అపక్రమభిన్నమే విషమ్ భిన్న్. నాలుగు భాగములైన రొట్టెలో ఐదు భాగము లెట్లుండునని బాలుడు తెల్లబోవుట సహజమే. రెండవ రొట్టె సంగతి వానికెవరును చెప్పలేదు.

అణాలను రద్దు చేసిన దశాంశమైనను భిన్నముల పీడను ఒక్కసారిగా వదలించుకొనలేదు. నూటిని పదునాఱింట భాగించినచో అణాకు ఆఱుంబావు నయాపైసలు వచ్చును, మూడణాలకు పదునెనిమిదీ ముప్పావు. పావు నయాపైసకు నాణెము లేదు. ప్రభుత్వపు మార్పిడి పట్టిక అణాకు ఆఱు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది యని సవరించెను. పావలా మాత్రము ఇరువదియైదుగా చక్కగా కుదిరినది. క్రొత్త నాణెములు వచ్చిన ఆ సంవత్సరములలో పాత అణాలును చెల్లుబాటులో నుండుటచేత, ఒక్కొక్క అణాగా మూడుమార్లు ఇచ్చినవానికి పదునెనిమిది పైసలును, మూడణాలు ఒక్కసారి ఇచ్చినవానికి పందొమ్మిదియు లెక్కకు వచ్చెడివి.