అమ్మ రెండోసారి పోయింది

అమీర్‌పేటకు ఎవరూ ఉండిపోవడానికి రారు. నేర్చుకుని పోవడానికి వస్తారు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో జావానో ఒరాకిలో, ఆ ఏడాది ఏది నడుస్తుంటే అది, నాలుగు నెలలు కూర్చుని నేర్చుకుని బెంగళూరుకో అమెరికాకో ఎగిరిపోతారు. నేనూ అలాగే ఒంగోలు నుంచి వచ్చాను. కోర్సు పూర్తయింది గాని ఎగరడం కుదరలేదు. పంజాగుట్టలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికింది. ఎస్సార్ నగర్‌లో ముగ్గురు కుర్రాళ్ళతో గది దొరికింది. ఆ ముగ్గురిలో ఒకడి వెంట ఒక ఆదివారం ఊరికే వెళ్ళి మోర్మన్‌నయ్యాను.

ఆ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ అనే పాతికేళ్ళు కూడా నిండని పల్లెటూరి యువకుడు పెట్టినది. బంగారు రేకుల మీద ఉన్న రాతను దేవుడిచ్చిన శక్తితో చదివి రాయించానని ఆయన చెప్పిన పుస్తకమే మోర్మన్ గ్రంథం. 1844లో అల్లరిమూక ఆయన్ని జైల్లోనే కాల్చి చంపింది. మిగిలినవాళ్ళు ఎడ్లబండ్లు కట్టుకుని పడమటికి పోయి 1847లో సాల్ట్ లేక్ లోయ చేరారు. అంత దూరపు కథ హైదరాబాదుకు దొరలతో రాలేదు. మన తెలుగువాళ్ళే తెచ్చారు. సమోవా దీవుల్లో ఉంటూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువుల్లో సుమారు 20 మందికి బాప్తిస్మం ఇప్పించారు. 1982 నాటికి మోర్మన్ గ్రంథంలోని కొన్ని భాగాలు తెలుగులో అచ్చయ్యాయి.

మేం పుట్టుకతో బాప్టిస్టులం. 1876-78 ధాత కరువులో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళ చేతికి పారలిచ్చి బతికించాడని మా ఇళ్ళల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కరువు చివర 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో మా అమ్మ ముత్తాత ఒకడు. ఆయన పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 2,222 అనే అంకె దేశదేశాల మిషన్ పుస్తకాలకెక్కింది. అందులో మా లెక్కకొచ్చే ఒక్క మనిషి పేరు ఇంట్లోనే నిలవలేదు. పొలాలున్నవాళ్ళకు పట్టాల్లో పేర్లుంటాయి, గుళ్ళకు దానాలిచ్చినవాళ్ళకు శాసనాల్లో ఉంటాయి. మాదిగపల్లెలో చచ్చిపోయినవాడి పేరు ఎవడు రాసిపెడతాడు?

నన్ను ఆ సంఘంలోకి లాగింది ఇదే. బంగారు రేకులు కాదు. మోర్మన్లు చచ్చిపోయినవాళ్ళ పేర్ల కోసం ప్రపంచమంతా తిరుగుతారు. చర్చి రిజిస్టర్లు, ఓడల ప్రయాణికుల జాబితాలు, సమాధుల మీది రాతలు, దొరికినవన్నీ ఫిల్ము తీసి యూటాలో గ్రానైట్ కొండను తొలిచి కట్టిన భాండాగారంలో దాచిపెట్టారు. ఎందుకంటే వాళ్ళ నమ్మకంలో కుటుంబం చావుతో తెగదు. ఆలయంలో ఒక క్రతువు చేస్తే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నిత్యత్వమంతా ఒకటిగా ముడిపడి ఉంటారు. చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు నీళ్ళలో మునిగి బాప్తిస్మం తీసుకోవచ్చు. దానికి ముందు కావలసింది పేరు. చేరిన మొదటి నెలలోనే నా చేతికి నాలుగు తరాల గళ్ళున్న కాగితం ఇచ్చారు. ముత్తాతల వరుసలో ఎనిమిది గళ్ళుంటే మూడే నిండాయి. మావాళ్ళు ఎవరని అంత మర్యాదగా ఎవరైనా అడగడం నా బతుకులో అదే మొదటిసారి.

ఆ తర్వాత ఊరెళ్ళినప్పుడల్లా ముసలివాళ్ళ పక్కన చేరి పేర్లడిగేవాణ్ణి. పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి కొన్నాను. మంగమ్మ, తర్వాత మార్తమ్మ. సుబ్బడు, తర్వాత శామ్యూలు. ఒకే మనిషికి రెండేసి పేర్లు, మధ్యలో గుండ్లకమ్మ నీళ్ళు.

అమ్మ మాత్రం మోర్మన్ కాలేదు. నాన్న నా చిన్నప్పుడే పోతే బడిలో ఆయాగా పనిచేసి నన్ను చదివించిన మనిషి. హైదరాబాదు నా దగ్గరికొచ్చాక కూడా ఆదివారం తన ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంచిలో పెట్టుకుని బాప్టిస్టు చర్చికే పోయేది. మా సంఘంలో టీ, కాఫీ, సారా, పొగాకు నిషిద్ధం. “టీ తాగొద్దనే దేవుణ్ణి నేనెట్టా నమ్మేదిరా అబ్బాయా” అని నవ్వేది. గ్లాసు నా ముందే ఊదుకుంటూ తాగేది. పేర్ల పుస్తకం తీస్తే మాత్రం వంట ఆపి వచ్చి కూర్చునేది. సగం పేర్లు ఆమె చెప్పినవే.

ఆమెకు కిడ్నీలు పోయాయి. చివరి రోజులు నిమ్స్‌లో. ఆ ఆసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద చాపలు పరుచుకుని రాత్రిళ్ళు గడిపే జిల్లాల జనం పంజాగుట్ట వాళ్ళందరికీ తెలిసినవాళ్ళే. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఒక తెల్లవారుజామున పోయింది. ఒంగోలు తీసుకెళ్ళి బాప్టిస్టు పాస్టరు గారితోనే మట్టి చేయించాను. అందరూ ఏడుస్తుంటే నాకు పెద్దగా ఏడుపు రాలేదు. రాయి గుండె అనుకున్నారు బంధువులు. నాకున్నది నిబ్బరం. ఈమెను మళ్ళీ కలుస్తాను, దానికి దారుంది, ఆ దారి నాకు తెలుసు.

అప్పట్లో మన దేశంలోని సభ్యులకు ఆలయమంటే హాంకాంగ్. 1996లో ప్రతిష్ఠ చేసినది. నేనూ నా భార్యా పీఎఫ్ డబ్బులు తీసి, సంఘం చేసిన సాయంతో వెళ్ళాం. ముందు మా ఇద్దరికీ ముడి పడింది. తర్వాత అమ్మ పేరుతో ఒక సోదరి నీళ్ళలో మునిగింది. ఆమె ఫిలిప్పీన్స్ మనిషి. బాప్తిస్మం ఇచ్చినాయన మా అమ్మ పేరు పలకడానికి తడబడి, రెండోసారి సరిగా పలికాడు. తర్వాత తెల్లబట్టల్లో బలిపీఠం దగ్గర మోకరించాం. అమ్మ స్థానంలో ఒకరు, నాన్న స్థానంలో ఒకరు, వాళ్ళ చేతుల మీద నా చేయి. ఆ గదిలో రెండువైపులా ఎదురెదురుగా నిలువుటద్దాలుంటాయి. అటు చూసినా ఇటు చూసినా మనమే, వరసపెట్టి, చివర కనపడకుండా. అమ్మ మట్టి దగ్గర రాని ఏడుపు అక్కడ వచ్చింది.

2012 మే 27న హైదరాబాదులో దేశంలోనే మొట్టమొదటి స్టేక్ ఏర్పడింది. అనేక వార్డులు, అంటే స్థానిక సంఘాలు, కలిసిన పెద్ద విభాగం అన్నమాట. అప్పటికి నేను వార్డు క్లర్కుని. మా సంఘంలో జీతం తీసుకునే పాస్టరు ఉండడు, ప్రతివాడికీ ఏదో ఒక పని అప్పగిస్తారు. రొట్టె, నీళ్ళు పంచేటప్పుడు వెనక నిలబడి తలలు లెక్కపెట్టడం, దశమభాగం కవర్లు విప్పి రాయడం, కొత్తగా చేరినవాళ్ళ పేర్లు ఎక్కించడం నా వంతు. పంజాగుట్ట ఆఫీసులో నేను లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. ఇక్కడ నేను రాస్తేనే ఒక మనిషి పేరు లెక్కలోకొస్తుంది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నా జీవితంలో నేను గొప్పవాణ్ణయింది ఆ కుర్చీలోనే.

నా నమ్మకం కూలింది ఎలాగంటే, శత్రువులు రాసింది చదివి కాదు. సంఘమే రాసింది చదివి. 2013 చివరి నుంచి తమ చరిత్రలో చిక్కు ప్రశ్నల మీద సంఘం స్వయంగా వ్యాసాలు ప్రచురించింది. జోసెఫ్ స్మిత్‌కు ఎంతోమంది భార్యలున్న సంగతి అందులో ఉంది. నన్నది పెద్దగా కదిలించలేదు. నన్ను పట్టుకున్నది 2014లో వచ్చిన అబ్రాహాము గ్రంథం వ్యాసం. 1835లో ఊరూరా మమ్మీలను ప్రదర్శించే ఒక వ్యాపారి దగ్గర జోసెఫ్ స్మిత్, ఆయన మనుషులు కలిసి 2,400 డాలర్లకు నాలుగు మమ్మీలనూ వాటితో ఉన్న పాపిరస్ చుట్టలనూ కొన్నారు. అందులో సాక్షాత్తు అబ్రాహాము రాసింది ఉందన్నాడు స్మిత్. చదివి రాయించాడు, అది లేఖనమైంది. ఆ చుట్టలు షికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అనుకుంటుంటే, 1967లో కొన్ని ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి సంఘానికి తిరిగొచ్చాయి. ఈజిప్టు లిపి తెలిసిన పండితులు చదివితే వాటిలో అబ్రాహాము లేడు. శవంతోపాటు పెట్టే అంత్యక్రియల పత్రాలవి. సంఘం వ్యాసమూ ఆ మాట ఒప్పుకుంటుంది. పాపిరస్ ఒక నిమిత్తం మాత్రమే కావచ్చు, దేవుడు వేరుగా బయలుపరిచి ఉండవచ్చు అని సమాధానం చెబుతుంది. ఆ సమాధానంతో నిలబడ్డవాళ్ళు నాకంటే తెలివైనవాళ్ళు చాలామంది ఉన్నారు.

నేను నిలబడలేకపోయాను. ఆ ముక్కల్లో కొన్ని హోర్ అనే పూజారివి. క్రీస్తుకు సుమారు రెండు వందల ఏళ్ళ ముందు థీబ్స్‌లో పోయాడు. చచ్చాక కూడా ఊపిరి తీసుకోవాలని, పేరు నిలవాలని అతని కోసం రాయించిన పత్రం అది. అందులో అతని పేరుంది, తండ్రి పేరుంది, ఫలానా తల్లికి పుట్టినవాడని తల్లి పేరు కూడా ఉంది. ఆ రాత్రి ఎస్సార్ నగర్ ఇంట్లో నా లెక్కల పుస్తకం తీసి చూశాను. మేం రాసుకున్నదీ అదే గదా. ఫలానావాడు, ఫలానా తల్లి కొడుకు, మరిచిపోకండి. నా పేర్ల కోసం ఇంత తపించిన సంఘం పుట్టుకలోనే ఒక చచ్చినవాడి పేరు తుడిచి ఇంకొకరి పేరు రాశారు. ఇంకే తప్పయినా సర్దుకునేవాణ్ణేమో. సరిగ్గా నేను ఎక్కడ ఆనుకుని నిలబడ్డానో అక్కడే విరిగింది.

ఒక్కరోజులో పోలేదు. కొన్నాళ్ళు క్లర్కు కుర్చీలోనే కూర్చుని, నమ్మని పేర్లు నమ్మినట్టే ఎక్కించాను. బిషప్‌గారికి చెబితే ఆయన చాలాసేపు నా చేయి పట్టుకుని కూర్చున్నారు. తిట్టలేదు, బెదిరించలేదు. తర్వాత వెళ్ళడం మానేశాను. “బ్రదర్ పడిపోయాడు” అని ఎవరో అన్నారట. నిజమే కాబట్టి కోపం రాలేదు.

తర్వాత ఒక పొద్దున ఆఫీసుకు పోతూ నిమ్స్ గేటు దగ్గర సిగ్నల్లో ఆగాను. ఫుట్‌పాత్ మీద ఒక కుర్రాడు ముసలమ్మకు ప్లాస్టిక్ కప్పుతో టీ ఆరబెట్టి తాగిస్తున్నాడు. అప్పుడర్థమైంది, అమ్మ లేదని. ఎక్కడా లేదని. హాంకాంగ్ అద్దాల్లో లేదు, రాబోయే ఏ ఉదయంలోనూ లేదు. ఎన్నేళ్ళ కిందటో పోయిన మనిషి నాకు ఆ సిగ్నల్లో పోయింది. మొదటిసారి పాడె ఉంది, పాటలున్నాయి, ఊరి జనం ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు, చెప్పుకుంటే వినేవాళ్ళూ లేరు. బాప్టిస్టులు “మేం అప్పుడే చెప్పాం గదా” అంటారు. మోర్మన్లు “మళ్ళీ వచ్చేయండి” అంటారు. దేవుడి మీద ముందు నుంచీ నమ్మకం లేని స్నేహితుడు “పోనీలే, బయటపడ్డావు” అన్నాడు. ముగ్గురూ నా మంచి కోరేవాళ్ళే.

విశ్వాసం వదిలిన మోర్మన్లు చాలామంది మొదటి కాఫీ గురించి వర్ణించి చెబుతారు. నేను పంజాగుట్టలో ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. తియ్యదనం ఎక్కువైంది. అంతకుమించి చెప్పడానికేం లేదు.

చెప్పవలసింది ఆదివారం గురించి. నా భార్య ఇప్పటికీ వెళుతుంది. పాపను తయారుచేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, “పిండి ఫ్రిజ్‌లో ఉంది, దోసెలు వేసుకోండి” అని చెప్పి ఆటో ఎక్కుతుంది. నెలలో మొదటి ఆదివారం వాళ్ళకు ఉపవాసం. ఆ రోజు నేనూ పొయ్యి వెలిగించను. నమ్మకం ఉండి కాదు, వాళ్ళు పస్తులుండగా తినబుద్ధి కాక. ఆమె నాతో వాదించదు. ఒక్కసారి మాత్రం, పాప నిద్రపోయాక, “మనిద్దరి ముడి సంగతి మీరేమనుకుంటున్నారండీ?” అని అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఆమె లెక్కలో నేను ఆమెను నిత్యత్వంలో ఒంటరిని చేసినవాణ్ణి. నా లెక్కలో ఆమెకు ఇవ్వగలిగింది ఈ బతుకొక్కటే. ఈ రెండు లెక్కలూ మా ఇంట్లో ఎప్పటికీ కలవవు.

పోనివి కూడా ఉన్నాయి. పెళ్ళిళ్ళకు వెళితే ఇప్పటికీ వెనక నిలబడి తలలు లెక్కపెడతాను. సిగరెట్టు ముట్టలేదు. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి దారులు మళ్ళించినప్పుడు, గురువారాలు ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి ముందు జనం నిండినప్పుడు, ఇదివరకు జాలిపడేవాణ్ణి. ఇప్పుడు కుళ్ళుకుంటాను.

2018 ఏప్రిల్‌లో బెంగళూరులో ఆలయం కడతామని సంఘం ప్రకటించింది. 2020 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ఇక హాంకాంగ్ పోనక్కర్లేదని నా భార్య సంతోషించింది. పాత సోదరుడొకాయన ఫోన్ చేసి, మీరు కోరితే సభ్యత్వంతోపాటు మీ పేరున జరిగినవి రద్దవుతాయని మెల్లగా చెప్పాడు. వద్దన్నాను. అమ్మ పేరున జరిగినదాని సంగతికొస్తే, ఆ సంఘం సిద్ధాంతం ప్రకారమే చనిపోయినవాళ్ళకు తమ పేరున జరిగిన బాప్తిస్మాన్ని ఒప్పుకునే స్వేచ్ఛా ఉంది, కాదనే స్వేచ్ఛా ఉంది. మా అమ్మ సంగతి నాకు తెలుసు. టీ గ్లాసు చేతిలో పెట్టుకునే కాదని ఉంటుంది.

లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ పని ఆపలేదు, ఇప్పుడు ఏ ఆలయానికీ కాదు. ముత్తాతల వరుసలో ఇంకా రెండు గళ్ళు ఖాళీ. ఒంగోలు చుట్టుపక్కల, గుండ్లకమ్మ ఒడ్డు ఊళ్ళలో పాత బాప్టిస్టు సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి పుస్తకాలు ఎవరి ఇంటి అటక మీదైనా మిగిలి ఉంటే, చెదలు తినకముందే దయచేసి పేజీ పేజీ ఫోటో తీసి ఉంచండి. అందులో ఎవరి ముత్తాత ఉన్నాడో మీకు తెలియదు.